జవాబు చదివేవారి భాషలో ఉండాలి

పిల్లలూ! కంప్యూటరు ఎంత పెద్ద లెక్క చేసినా, జవాబు మనకు చూపించకపోతే ఏం లాభం? అందుకే ఏ ప్రోగ్రామింగు భాషలోనైనా తొలి పాఠం తెరమీద మాటలు చూపించడమే. కెర్నిఘన్, రిచీ అనే శాస్త్రజ్ఞులు 1978లో 'సి' భాషపై రాసిన పుస్తకంలో మొదటి ప్రోగ్రాము ప్రపంచాన్ని రెండు ఇంగ్లీషు మాటల్లో పలకరిస్తుంది. ఈనాటికీ పిల్లలు ఆ రెండు మాటలతోనే మొదలుపెడతారు. అక్కడే ఆగిపోకూడదని నా అభిప్రాయం.

హుస్సేనీ ఆలంలో మా తరగతి అమ్మాయి ఒకతె కరెంటు బిల్లు లెక్కకట్టే ప్రోగ్రామును పైథాన్‌లో రాసింది. లెక్కలో తప్పు లేదు. ఇంట్లో చూపిస్తే తల్లి, "ఇందులో ఏం రాసుంది బేటీ?" అని అడిగిందట. ఆమెకు చదవడం వచ్చింది ఉర్దూ. తెరమీద ఉన్నది ఇంగ్లీషు. చదవలేని జవాబు జవాబెలా అవుతుంది?

"ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే కదా, మాస్టారూ!" అంటారు మీరు. నిజమే. 'ప్రింట్' అనే ఆజ్ఞ ఇంగ్లీషుదే. కాని ఆ పక్కన కొటేషన్ గుర్తుల నడుమ ఏ భాష రాయాలన్నది మన ఇష్టం. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూకూ అందులో చోటుంది.

ఇందులో ఒక తమాషా చూడండి. 'లక్ష్మి' మన కంటికి రెండక్షరాలు. కంప్యూటరు దాచుకునేవి మాత్రం ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని ఒత్తులుగా, గుణింతాలుగా పేర్చి తెరమీద గీయడం వేరే పని. అది తేలికైనది కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక రీతిలో కూర్చి పంపితే, దాన్ని చూపించబోయి ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు ఆగిపోయాయి! ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని చూపించే ప్రోగ్రాముది. మన భాషను యంత్రాలపై ఎంత ఎక్కువమంది వాడితే, ఇటువంటి లోపాలు అంత త్వరగా బయటపడతాయి.

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు. పై చదువులకు అది కావలసిందే. కాని ప్రోగ్రాము రాసేముందు, "దీని జవాబు చదివేది ఎవరు?" అని ఒక్కసారి ఆలోచించండి.

ఆ అమ్మాయి మరునాడు తెరమీది మాటల్ని ఉర్దూలోకి మార్చింది. లెక్కలో ఒక్క గుర్తు కూడా మారలేదు. ఈసారి తల్లి చదువుకుని, "ఈ నెల ఇన్ని యూనిట్లు ఎందుకయ్యాయి?" అని నిలదీసిందట. చూశారా! జవాబు అర్థమైనవారే మరో ప్రశ్న వేయగలరు. విజ్ఞానానికి కావలసింది అదే కదా!