పసివాళ్ల మూర్ఛపైనా ధనుర్వాతం నాటి పట్టుదల కావాలి

వరిచేలో రైతు కాలికి తుప్పుపట్టిన మేకు దిగితే గోదావరి జిల్లాల్లో ఇంట్లోవాళ్లు మొదట అనే మాట ఒకటే: “వెళ్లి టీటీ చేయించుకో.” మట్టిలో, పశువుల పేడలో ఉండే సూక్ష్మజీవి గాయంలో చేరి విషం చిమ్మితే దవడలు బిగుసుకుంటాయి, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ధనుర్వాతమన్న పేరు అందుకే వచ్చింది. బొడ్డుతాడును శుభ్రం లేని కత్తితో కోసిన పాపానికి పుట్టిన వారం పది రోజులకే పసిగుడ్డులు రాలిపోయిన కాలం మరీ పాతదేమీ కాదు.

ఆ విషం ఏం చేస్తుందో 1992లో తేలింది. ఇటలీలోని పాదువాలో శాస్త్రవేత్త మోంటెకుకో బృందం దాని గుట్టు విప్పింది. నాడీకణంలో సినాప్టోబ్రెవిన్ అనే ప్రొటీన్‌ను అది పట్టుకుంటుంది. ఒకే ఒక్క చోట తెంపుతుంది. అంతే.

ఆ ఒక్క తెంపుకే మనిషి ప్రాణం ఎందుకు పోతుంది? నాడీకణం పక్క కణానికి కబురు పంపేది రసాయనంతో. ఆ రసాయనం బుల్లి సంచుల్లో నిండి ఉంటుంది. అలాంటివి పాతిక వేలు వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు అవుతుంది. కోటిపల్లి రేవులో పంటు ఒడ్డుకు చేరి, తాళ్లు కట్టించుకుని, జనం దిగడానికి సిద్ధంగా నిలిచినట్టు ఆ సంచులు కణం అంచున కాచుకుని ఉంటాయి. సంచి వైపు నుంచి సినాప్టోబ్రెవిన్, అంచు వైపు నుంచి సింటాక్సిన్, స్నాప్-25 చేతులు చాస్తాయి. కోనసీమలో కొబ్బరి పీచుతాడు పేనినట్టు ఈ మూడూ కలిసి నాలుగు పాయలుగా మెలిపడతాయి. స్నాప్-25 ఒక్కటే రెండు పాయలిస్తుంది. కాల్షియం లోపలికి వచ్చిందంటే సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీన్ పసిగడుతుంది. సెకనులో వెయ్యో వంతు గడిచేలోపే సంచి కణం పొరలో కలిసిపోయి కబురు బయటపడుతుంది. కణాల్లోని సంచుల రాకపోకల గుట్టు ఇలా విప్పినందుకే జేమ్స్ రాత్‌మన్, ర్యాండీ షెక్‌మన్, తామస్ సూడాఫ్‌లకు 2013లో నోబెల్ బహుమతి దక్కింది.

ధనుర్వాతం తెంపేది ఆ తాటిలో ఒక పాయను. అదీ కండరాలను అదుపులో పెట్టే కణాల్లో. ఇక ఆపేవాళ్లు లేక కండరం బిగుసుకుంటూనే పోతుంది.

ఈ కథలో గోదావరి గడ్డకు మరో వాటా ఉంది. ఒకసారి వాడిన తాడును మెలి విప్పితేనే మళ్లీ పేనడానికి పనికొస్తుంది. అలా విప్పడానికి కణం ఖర్చుపెట్టే ఇంధనం ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని వెలికితీసినవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న మనిషి. ఏటీపీ దొరికేనాటికి మెదడులోని ఇలాంటి సంచులను ఎవరూ కళ్లతో చూడనైనా లేదు.

ఇప్పుడు అసలు విషయం. పాయలు సరిగ్గా మెలిపడేలా పట్టి అందించే ప్రొటీన్ ఒకటుంది: మంక్18-1. దాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌టీఎక్స్‌బీపీ1. ఆ ప్రొటీన్ బొత్తిగా లేని ఎలుక పిల్లల్లో మెదడు రూపం కట్టింది గాని ఒక్క కబురూ కదల్లేదని 2000లో వెల్లడైంది. పుట్టిన కొద్ది రోజులకే ఫిట్స్ మొదలైన కొందరు పిల్లల్లో ఇదే జన్యువు దెబ్బతిన్నదని 2008లో జపాన్ పరిశోధకులు చూపారు. సుమారు 30 వేల జననాల్లో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుందని అంచనా. ఫిట్స్‌తోపాటు మాట, నడక కూడా వెనకబడతాయి.

చాలావరకు ఈ లోపం తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. బిడ్డలోనే కొత్తగా తలెత్తుతుంది. ఇంట్లో మాత్రం నింద తల్లి మీద పడుతుంది. గ్రహణం నాడు బయటికి వచ్చిందంటారు, మేనరికం చేశామంటారు. మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. ఇది ఆ కోవది కాదు.

పసిబిడ్డ ఫిట్స్ పెద్దవాళ్ల ఫిట్స్‌లా ఉండవు. కళ్లు ఒక పక్కకు నిలిచిపోతాయి. పెదాలు చప్పరిస్తున్నట్టు కదులుతాయి. ఒక చెయ్యి లయగా కొట్టుకుంటుంది. అర నిమిషంలో అంతా సర్దుకుంటుంది. “ఆకలేసిందేమో” అంటుంది నాయనమ్మ. మరోసారి వస్తే దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. ఇంకాస్త పెద్ద పిల్లలకైతే తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. వారాలు గడిచిపోతాయి.

చేతిలో మందే లేదా అంటే, ఉంది. లెవెటిరాసిటామ్ అనే మందు నాడీకణాల్లోని ఆ సంచుల గోడలో ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు అంటుకుని పనిచేస్తుందని 2004లో తెలిసింది. అది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. జన్యులోపాన్ని అది సరిచేయదు, అందరికీ ఒకేలా పనిచేయదు; అయినా ఎందరో పిల్లల ఫిట్స్‌కు అడ్డుకట్ట వేస్తోంది. జబ్బు పేరు తేలితే మందు ఎంపిక సులువవుతుంది. ఊరూరా తిరిగే తిప్పలు తప్పుతాయి. తల్లి మీద నింద తొలగుతుంది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తల్లీపిల్లల ధనుర్వాతాన్ని అదుపు చేసిన తొలి రాష్ట్రంగా గుర్తింపు పొందింది. 2015 నాటికి దేశమంతా ఆ గెలుపు అందుకుంది. అది గర్భిణుల గడప గడపకూ టీకా పట్టుకెళ్లిన ఏఎన్ఎమ్‌ల కష్టం. ఆ దారిలోనే పసివాళ్ల మూర్ఛనూ పట్టుకోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిట్స్ మందు ఒక్క నెలా కొరత పడకూడదు. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పసిపిల్లల మెదడు తరంగాలను నమోదుచేసే ఈఈజీ, దాన్ని చదవగల డాక్టరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అవసరమైన బిడ్డ రక్త నమూనా సర్కారు ఖర్చుతోనే హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి సంస్థకు జన్యుపరీక్షకు వెళ్లాలి. అన్నిటికన్నా ముందు, టీకాల కార్డు మీద ఒక ప్రశ్న అచ్చు వేయాలి: “బిడ్డ కళ్లు నిలిచిపోవడం, చెయ్యి కొట్టుకోవడం చూశారా?” అవునని తల్లి చెబితే ఆశా కార్యకర్త ఆమె ఫోనులోనే వీడియో తీయించి, ఆ సాయంత్రానికల్లా కాకినాడ డాక్టరుకు చేర్చాలి.