అద్దె గోడకు వెల్ల ఎవరిది?

పరీక్షలు ముగిసి పెట్టెబేడా సర్దుకొను దినములలో ఏటేటా మా మధ్య ఒక చర్చ రేగుచుండును. ఖాళీ చేయు అద్దె గదికి వెల్ల వేయించు బాధ్యత ఎవరిది? శ్రీకాకుళం, విజయనగరం పట్టణములలో గదులు తీసుకొని చదువుకొను పల్లెటూరి విద్యార్థులకు ఇది చిన్న ప్రశ్న కాదు.

విజయనగరంలో మేము ముగ్గురము ఒక గదిలో రెండేండ్లున్నాము. దిగిననాడు గోడ ఎట్లున్నదో మేము చూడలేదు, ఇంటివారు చూపలేదు. విడిచిననాడు మాత్రము ఇరుపక్షములమూ చూచితిమి. కిటికీ క్రింద వాన చెమ్మ, వెలసిన రంగు, మేకుల గుంటలు, స్టౌ పైన మసి, రాత్రులు తల ఆనించి చదివిన చోట నూనె మరకలు. అడ్వాన్సులో సగము రంగు ఖర్చుకే పోయినది. ఆనాడు అది అన్యాయమనుకొన్నాము. నేడు ఆలోచింపగా సగమే అన్యాయమని తోచుచున్నది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, అద్దెదారు ఇంటిని తాను పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించవలెను. కాని సహజమైన అరుగుదలను, మనుష్యులు ఆపజాలని ఉత్పాతములను అది మినహాయించినది. కావున కాలముతో వెలసిన రంగు మా అప్పు కాదు; అది నెలనెలా అద్దెలోనే తీరినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు తడిసిన గోడలు ఏ అద్దెదారుని తప్పు? మేకు, మసి, నూనె మాత్రము మా చేతివే.

కేంద్రప్రభుత్వము 2021లో వెలువరించిన నమూనా అద్దె చట్టము, వేరుగా వ్రాసుకొననిచో, గోడల వెల్లను, తలుపులు కిటికీల రంగును యజమాని బాధ్యతలలో చేర్చినది. నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అయినను నమూనా నమూనాయే. రాష్ట్రము శాసనము చేసిననే అది అమలగును. సంతకమునకు ముందే ఒప్పందమును చదువుకొనుట మన పని.

ఇంటివారందరూ ధనవంతులు కారు. ముందుగది అద్దెతోనే నెల గడుపుకొను వృద్ధులున్నారు. మరియొక మాట. గోడ పాడుచేసి చెప్పకుండ వెడలిన ఒక్కని వలన, మరుసటి యేడు ఆ వాకిట నిలిచిన నలుగురు “స్టూడెంట్లకు ఇవ్వమండీ” అను మాట వినవలసివచ్చును. పేరు చెప్పగానే గది లేదనిపించుకొన్న మిత్రులును మాలో ఉన్నారు. అట్టివారికి మనము శుభ్రముగా విడిచిన గోడయే సిఫారసు పత్రము.

మన చేతి మరకను మనమే మాపుట కష్టము కాదు. సంక్రాంతికి, రంజానుకు మన యిండ్లలో చేయు పనియే గదా! మేకుల గుంటలు పూడ్చి, మసి కడిగి, సున్నపు గోడయైనచో వడకట్టిన సున్నములో కొంచెము జిగురు, నీలిమందు కలిపి పూసిన చాలును. చెమ్మగోడకు మాత్రము ముందు చెమ్మ ఎక్కడినుండి వచ్చుచున్నదో చూడవలెను. పైన ఎంత పూసినను అది నిలువదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒక్కటే. ఉర్దూ, తెలుగు భాషలలో ఒక పుటకు మించని పత్రమును అచ్చువేయించి, బయట గదులు తీసుకొను ప్రతి విద్యార్థికీ, విద్యార్థినికీ ఇప్పింపుడు. దిగిననాటి గోడల స్థితి, అడ్వాన్సు మొత్తము, వెల్ల ఎవరిదను మాట అందులో వ్రాసి ఇరుపక్షములవారు సంతకము చేయవలెను. అప్పుడు తాళముచెవితోపాటు మంచిపేరును కూడ రాబోవు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అప్పగించి పోగలము.