కేస్ షీటు అడగండి

పురిట్లో తల బయటికొచ్చి భుజం ఇరుక్కుంటే, మెడ నరాలు సాగి బిడ్డ చెయ్యి వాలిపోవచ్చు. ప్రతిసారీ అది డాక్టరు తప్పు కాదు. అలాగని నుదుటిరాతా కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నూనె మర్దనాతోనో, పెద్దమనుషుల రాజీతోనో సరిపెట్టేసుకుంటే నష్టం బిడ్డకే. ముందు ఫిజియోథెరపీ, మూడు నెలలకీ మోచెయ్యి మడవకపోతే నరాల సర్జన్. ఆ వెంటే కేస్ షీటు నకలు: అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధన. ప్రైవేటు ఆసుపత్రి నిర్లక్ష్యంపై రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మాత్రం 1995లో సుప్రీంకోర్టు వినియోగదారుల చట్టం బయటే ఉంచింది. డబ్బు కట్టినవాళ్లకి జిల్లా కమిషన్, కట్టలేని శ్రీకాకుళం జిల్లా మందస తల్లికి సివిల్ కోర్టో, అమరావతిలో హైకోర్టో! పేదకే భారం పెట్టే ఈ తేడాను ప్రభుత్వం చట్టంతోనే చెరపాలి.