ముల్లు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందా?

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. నాలుగు రోజుల క్రితం పెరట్లో గులాబీ మొక్కకు పాదు చేస్తుంటే చూపుడువేలికి ముల్లు లోతుగా గుచ్చుకుంది. పేడ ఎరువు కలిపిన మట్టి. ముల్లు తీసివేసి పసుపు అద్దాను. చీము పట్టలేదు, నొప్పి కూడా తగ్గింది. కాని నా చిన్నతనంలో మా బంధువుల కుర్రవాడొకడు ధనుర్వాతంతో పోయాడు. అది గుర్తుకు వచ్చి నిద్ర పట్టడం లేదు. అస్తమానం అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకుంటున్నాను. మా అత్తగారేమో "నాకూ మొన్న అరికాల్లో గాజుపెంకు దిగింది. షుగరు వున్నదాన్ని, నాకే నొప్పి లేదు. నీవన్నీ అనుమానాలు" అంటున్నారు. 16 ఏళ్ళ క్రితం రెండో కాన్పు ముందు టి.టి. ఇంజెక్షన్ తీసుకున్నాను. మళ్ళీ తీసుకోలేదు. ఇప్పుడు ఆలస్యమైపోయిందా?

— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆలస్యం కాలేదు. మీ ఉత్తరం మాకు చేరి, అచ్చయ్యేసరికి మరికొన్ని రోజులు గడిచి వుంటాయి. అయినా సరే, ఇంకా చేయించుకోకపోతే ఈ రోజే వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకోండి. అద్దం ముందు నిలబడటం మాత్రం మానండి. అన్నిసార్లు నోరు తెరిచి చూసుకుంటే ఏ జబ్బూ లేకపోయినా దవడలు నొప్పి పుడతాయి!

మీ భయం అర్థం లేనిది కాదు. ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలోనూ, పశువుల పేడలోనూ వుంటుంది. గట్టి పెంకులాంటి రక్షణతో ఏళ్ళ తరబడి బ్రతకగలదు. దీనిని 1889లో కిటసాటో అనే జపాను శాస్త్రవేత్త విడిగా పెంచి చూపించాడు. గాలి తగలని చోటనే ఇది వృద్ధి అవుతుంది. అందుకే పైపైన గీసుకుపోయిన పెద్ద గాయం కంటే, పైకి చుక్కలా కనిపించి లోతుగా దిగిన ముల్లుగాయం ఎక్కువ ప్రమాదం. తుప్పు పట్టిన మేకు వల్లనే ఈ జబ్బు వస్తుందనుకోవడం పొరపాటు. తప్పు తుప్పుది కాదు, మేకుకు అంటిన మట్టిది.

గాయమైన 3 నుంచి 21 రోజుల లోపల సాధారణంగా లక్షణాలు బయటపడతాయి. మొదట దవడలు బిగుసుకుంటాయి, మింగడం కష్టమవుతుంది, మెడ, పొట్ట కండరాలు గట్టిపడతాయి. ఇవి కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మన దేశంలో బాలింతలకు, పురిటి బిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు 2015లో ధ్రువీకరించారు. అది టీకాల చలవ. మట్టిలో క్రిమి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంజెక్షన్ ఎవరికి, ఎప్పుడు?

"టి.టి. ఆరు నెలలే పని చేస్తుంది" అని చాలామంది నమ్ముతారు. కత్తిపీట గీసుకున్నప్పుడల్లా పరుగెత్తి చేయించుకుంటారు. ఇది అనవసరం. మాటిమాటికీ చేయించుకుంటే చెయ్యి వాచి బాధపెడుతుంది కూడా. జీవితంలో కనీసం మూడు మోతాదులు సక్రమంగా తీసుకున్నవారికి, చిన్న శుభ్రమైన గాయమైతే చివరి ఇంజెక్షన్ తీసుకుని 10 ఏళ్ళు దాటితేనే మరొకటి కావాలి. మట్టి, పేడ అంటిన గాయమో, లోతైన గాయమో అయితే 5 ఏళ్ళు దాటితే కావాలి. మీకు 16 ఏళ్ళయింది కాబట్టి తప్పనిసరి. ఇప్పుడు టి.టి.కి బదులు డిఫ్తీరియా నుంచి కూడా రక్షణ ఇచ్చే టి.డి. ఇస్తున్నారు.

చిన్నప్పుడు టీకాలు వేయించారో లేదో తెలియకపోతే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మూడు మోతాదులు పూర్తికానివారికి ఇటువంటి గాయమైతే టీకాతోపాటు, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. మిగిలిన మోతాదులు తరువాత పూర్తి చేస్తారు.

గాయం కాగానే ఏం చెయ్యాలి?

కుళాయి కింద, సబ్బుతో, కనీసం అయిదు నిమిషాలు కడగాలి. ఇంతకు మించిన మందు లేదు. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆ పైన పావిడోన్ అయోడిన్ పూసి కట్టు కట్టండి. పోపులపెట్టెలోని పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద, గడ్డిచామంతి పసరు వంటివేవీ గాయంలో పెట్టవద్దు. వాటితోబాటు కొత్త క్రిములు లోపలికి పోతాయి.

గాయం అంచులు ఒకటి రెండు రోజులు కొద్దిగా ఎర్రబడటం, మానేటప్పుడు దురద పుట్టడం సహజం. ఎరుపు పెరుగుతుందేమోనని అనుమానమైతే, దాని చుట్టూ పెన్నుతో గీత గీయండి. మర్నాటికి ఎరుపు గీత దాటితే డాక్టరుకు చూపించాలి. సలుపు, చీము, జ్వరం, చెయ్యి పొడవునా ఎర్రటి చార, చంకలో బిళ్ళ కట్టడం కనిపించినా అంతే. ముల్లు ముక్క లోపల విరిగిపోతే మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కీలు దగ్గర వాపు వారాల తరబడి తగ్గకపోతే "ముల్లు గుచ్చుకుంది" అని డాక్టరుకు చెప్పడం మరువకండి. గులాబీ ముల్లు గుచ్చుకున్న కొన్ని వారాలకు చేతి మీద వరసగా గడ్డలు లేస్తే అది ఒక రకం శిలీంధ్రం వల్ల కావచ్చు. దానికి మందులున్నాయి.

గడ్డిలో చెయ్యి పెట్టినప్పుడు గుచ్చుకున్నదేమిటో చూడకపోతే, ముల్లేనని తేల్చుకోవద్దు. పాము కాటు కూడా కావచ్చు. కట్లపాము కాటుకు ఒక్కోసారి నొప్పి, గాటు కూడా తెలియవు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక మీ అత్తగారి సంగతి. మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది ఆమె మాటే. షుగరు చాలాకాలంగా వున్నవారికి పాదాలలో నరాలు మొద్దుబారతాయి. గాజుపెంకు దిగినా నొప్పి తెలియదు. నొప్పి లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు, అదే ప్రమాద సూచన. నొప్పి తెలియక ఆ కాలి మీదే నడుస్తారు, లోపల చీము పడుతుంది, చివరికి వేలో, పాదమో తీసివేయవలసి రావచ్చు. అందుచేత మీరు ఇంజెక్షన్‌కు వెళ్ళేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళండి. పెంకు ముక్క లోపల మిగిలిందేమో చూపించండి, షుగరు పరీక్ష, టి.డి. చేయించండి. ఆ తరువాత రోజూ రాత్రి మంచి వెలుతురులో ఆమె పాదాలు, వేళ్ళ సందులు మీరే చూడండి.

మొక్కలు పెంచడం మానవద్దు. బొరిగె పట్టేముందు మందపాటి తొడుగులు వేసుకోండి. పెరటి గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు పెట్టండి: ఒకటి మీకు, ఒకటి మీ అత్తగారికి.