మేమా, మనమా?

తెలుగు విమర్శకులు కావ్యము చేతికి రాగానే వస్తువేది, ఛందస్సేది, రసమేది యని విచారింతురు. పలుకుచున్నదెవరు, ఎవరితో పలుకుచున్నారు అని మాత్రము విచారింపరు. మా దృష్టిలో కవికిని పాఠకునికిని గల సంబంధమంతయు ఈ రెండు ప్రశ్నలలోనే యున్నది.

హిమాయత్‌నగరులోని ఉర్దూహాలులో ముషాయిరా వినువారికొక సంగతి తెలియును. ఉర్దూకవి "హమ్" అనినచో అది తానొక్కడే కావచ్చును, తనవారు కావచ్చును, వినువారితో గూడిన లోకమంతయు కావచ్చును. ఆ సందిగ్ధములోనే యొక సొగసున్నది. తెలుగుకవికా వెసులుబాటు లేదు. "మేము" అనినచో ఎదుటివాడు వెలుపల. "మనము" అనినచో లోపల. కవి నోరు విప్పినంతనే తెలుగు వ్యాకరణమతనిని ఎటో యొకవైపు నిలుపుచున్నది. ఇట్టి భాషలో వ్రాయుచు నేటి కవులు పలువురు "మనము" అను మాటను పెండ్లివిందులో వడ్డించినట్లు ఎల్లవారికిని పంచుచున్నారు. కూలివాని ఆకలి మన ఆకలియట! మూడుపూటల తినువాడు వ్రాయును, మూడుపూటల తినువాడు చదువును, ఇరువురును కన్నులు తుడుచుకొందురు. ఆకలిగొన్నవాడచ్చట లేనే లేడు.

ఈ చిక్కు ఆబిడ్సు నడివీధిలో ఒకమారు బయటపడినది. 1965 మే నెలలో, అర్ధరాత్రివేళ, దిగంబరకవులు తమ తొలి సంపుటమును నాంపల్లి పాండు అను రిక్షాకార్మికునిచేత ఆవిష్కరింపజేసిరి. రెండవదానిని 1966లో విజయవాడలో హోటలు పనివాడును, మూడవదానిని 1968లో విశాఖపట్టణమున ఒక యాచకురాలును ఆవిష్కరించిరి. మంత్రులకు పూలదండలు వేయు సభలకది చెంపపెట్టు, కాదనము. అయినను పాండు చేతిలోని పుస్తకమెవరికి వ్రాసిన జాబు? అందలి తిట్లు చదువుకొని, కొలువు చేసికొని, నోరు మూసికొని కూర్చున్న పెద్దమనుష్యునికి. పాండుచేత విప్పించినది పరుల పేరిటి యుత్తరము. ఆవిష్కరణను మెచ్చుకొనినవారు సైతము తిట్లను చూచి చెవులు మూసికొనిరి. మేము దానిని తలక్రిందు చేసి చెప్పుదుము: ఆ రెంటిలో తిట్లే నిజాయితీ గలవి. "నీవు" అని వ్రేలు చూపినపుడు తమ యెదుట నెవరున్నారో ఆ ఆరుగురు కవులకును తెలియును.

అంతకు చాల ముందే, 1941లో, జాషువ "గబ్బిలము"న మరింత నేర్పుగల పని చేసెను. అంటరానివాడు తన గోడు గబ్బిలముతో చెప్పుకొనును. గబ్బిలము దానిని ఈశ్వరునికి విన్నవింపవలెను. ఈ సంభాషణమున పాఠకునికి పీట లేదు. మేఘసందేశము చదువుచు యక్షుని విరహమును తనదిగా చేసికొనిన పండితుడు, ఇచ్చట గుడిసె వెలుపల చీకటిలో నిలిచి వినవలసినవాడు. గుడి వెలుపల నిలుచుట యెవరికలవాటో, లోపల నిలుచుట యెవరికలవాటో తలచుకొనుడు! పాఠకుని అతడు పిలువలేదు, ఎదురుగ నిలిపి నిందింపలేదు. తిట్టినవానితో వాదింపవచ్చును, చాటున విన్నదానికి బదులు చెప్పుట యెట్లు?

1993లో "నీలిమేఘాలు", 1995లో "చిక్కనవుతున్న పాట" వెలువడిన నాటినుండి స్త్రీల కవిత్వముమీదను, దళితుల కవిత్వముమీదను ఒక పితూరీ వినబడుచున్నది: కవిత్వము సర్వజనులదిగా నుండవలెను గదా, ఈ "మేము" ఏల, "మనము" అనరాదా? అడుగువారు తమ పూర్వులు ఊరిబావికడ, పంక్తిభోజనమున, బడివరండాలో "మనము" అను మాటను ఎవరివరకు చాచిరో ముందుగా చెప్పవలెను.