రూట్ పెట్టెలో మగ్గిన మెయిల్

సర్వర్ చాలాసార్లు చెప్పే చెడిపోతుంది. డిస్క్ నిండుతోందనీ, బ్యాకప్ ఫెయిలైందనీ, ఎవరో రూట్ పాస్‌వర్డ్ కోసం తడుముతున్నారనీ లాగ్‌లో రాసుకుంటూనే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, ఆ లాగ్ చదివే నాథుడుండడు.

మా ఫ్రెండ్ వాళ్ల ఫోటో స్టూడియోలో ఇదే జరిగింది. పెళ్లి ఫోటోల ఒరిజినల్స్ అన్నీ ఒక లైనక్స్ సర్వర్‌లో, రెయిడ్ 1లో, అంటే రెండు డిస్కుల మీద ఒకే డేటా ఉండేలా దాచుకున్నారు. ఒక డిస్క్ పోయింది. రెండోది నడుస్తోంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. మూడు నెలలకు అదీ పోయింది. తర్వాత వెతికితే తెలిసిందేంటంటే, మొదటి డిస్క్ పోయిన రోజే సర్వర్ మెయిల్ పంపింది. ఎక్కడికి? అదే మెషీన్‌లో ఉన్న రూట్ మెయిల్‌బాక్స్‌కి! దాన్ని ఎవరూ ఎప్పుడూ తెరవలేదు. ఎన్నో పెళ్లిళ్ల ఫోటోలు అలా పోయాయి.

"సర్వర్ నుంచి నేరుగా మన జీమెయిల్‌కే పంపొచ్చుగా?" అంటారా. అది అంత ఈజీ కాదు. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పోర్ట్ 25ని చాలా క్లౌడ్ కంపెనీలు బయటికి వెళ్లకుండా బ్లాక్ చేస్తాయి. ఒకవేళ వెళ్లినా, ఎస్‌పీఎఫ్, డీకేఐఎం లేకుండా ముక్కూమొహం తెలియని ఐపీ నుంచి వచ్చిన మెయిల్‌ని అవతలివాళ్లు నమ్మరు. స్పామ్‌లో పడేస్తారు, లేదా తలుపు దగ్గరే తిప్పి పంపేస్తారు.

అందుకే రిలే కావాలి. మన సర్వర్ తనే మెయిల్ మోసుకెళ్లకుండా, మంచి పేరున్న మరో మెయిల్ సర్వర్‌లో లాగిన్ అయి అప్పగిస్తుంది. తెలిసినవాళ్ల పూచీ మీద పని జరిపించుకోవడం లాంటిదన్నమాట. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ అనే లైన్‌లో ఆ సర్వర్ పేరు, పోర్ట్ 587 ఇచ్చి, లాగిన్ వివరాలు, టీఎల్ఎస్ సెట్ చేయాలి. అంత హంగామా వద్దనుకుంటే ఎంఎస్ఎంటీపీ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. జీమెయిల్‌నే రిలేగా వాడితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది సర్వర్‌లోనే ఫైల్‌గా ఉంటుంది కాబట్టి మీ సొంత అకౌంట్ వద్దు, దీనికోసమే ఒకటి తెరవండి. చివరగా రూట్‌కి వచ్చే మెయిల్స్ మీ అడ్రస్‌కి వచ్చేలా ఏలియస్ పెట్టండి.

దారి పడింది కదా అని అన్నీ పంపితే "నాన్నా పులి" కథే. పదో రోజుకి మీరే ఆ నోటిఫికేషన్‌ని మ్యూట్ చేస్తారు. సిస్‌లాగ్‌లో తీవ్రతకు 0 నుంచి 7 దాకా అంకెలుంటాయి. అంకె చిన్నదైతే ప్రమాదం పెద్దది. సరదా సంగతేంటంటే, ఎరిక్ ఆల్‌మన్ 1980లలో సిస్‌లాగ్‌ని తయారుచేసింది సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్ కోసమే. నేనైతే 0 నుంచి 3 దాకా వెంటనే తెప్పించుకుంటాను. మిగతావి లాగ్‌వాచ్‌తో రోజుకొక్క సారాంశంగా వస్తాయి. ఒకే ఎర్రర్ వెయ్యిసార్లు తిరిగినా గంటకొక్క మెయిలే వచ్చేలా ఆర్‌సిస్‌లాగ్‌లో కట్టడి పెట్టొచ్చు.

ఆ రోజువారీ సారాంశాన్ని మాత్రం తీసేయకండి. సర్వర్ ఆగిపోయినా, రిలే పాస్‌వర్డ్ మారినా మెయిల్స్ ఆగిపోతాయి. పొద్దున్నే రావాల్సింది రాలేదంటే అదే మొదటి హెచ్చరిక. ఏ మెయిలూ రాలేదంటే అంతా క్షేమమని కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ సర్వర్ నుంచి రూట్‌కి ఒక టెస్ట్ మెయిల్ పంపి, మీ ఫోన్ మోగుతుందో లేదో చూడండి.