స్టెంట్ వేయడం గంట పని... ఆ తర్వాత?

మన నాన్నలకి గుండెపోటు రాకముందు ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. ఒకసారి వచ్చి వెళ్లాక మాత్రం, నిజంగా గ్యాస్ పట్టేసినా గుండెపోటే. వినడానికి జోక్‌లా ఉంటుంది. కానీ ఆ భయంతో రోజూ నిద్ర లేవడం ఎలా ఉంటుందో అలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

మా నాన్నకి పోయినేడాది వచ్చింది. 57 ఏళ్లు, తెనాలిలో కిరాణా కొట్టు. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేశారు. నేను హైదరాబాద్ నుంచి వెళ్లేసరికే ఆ పని అయిపోయింది. నాలుగో రోజు డిశ్చార్జ్.

మా ఆఫీసులో సర్వర్ డౌన్ అయిందనుకోండి, దాన్ని లేపడం గంట పనే. ఆ తర్వాత నెల్లాళ్లు ఏ చిన్న అలర్ట్ వచ్చినా అందరం ఉలిక్కిపడతాం. ఒంటి విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ అలర్ట్ మోగేది ఛాతీలో.

బత్తాయిలతో పాటు కథలు

ఇంటికి రాగానే పరామర్శలు మొదలయ్యాయి. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు, వాటితో పాటు కథలు. "మా తోడల్లుడికీ ఇలాగే స్టెంట్ వేశారు. బాగానే తిరిగాడు. మూడో నెలలో నిద్రలోనే..." అని ఒకాయన నాన్న ఎదురుగానే మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నుంచి నాన్న మంచం ఎక్కడం మానేశారు. పడక్కుర్చీలో కూర్చునే తెల్లవార్లూ గడిపేవారు. అడిగితే "ఉక్కగా ఉందిరా" అనేవారు. అమ్మ నిద్ర మానుకుని ఆయన ఊపిరి చూస్తూ ఉండేది. బాత్రూమ్ గడియ పెట్టుకోవద్దని ఒక రూలు, మెట్లెక్కొద్దని ఇంకో రూలు. స్కూటర్ తాళం అక్క దగ్గర. మూడో వారంలో ఒకరోజు నాన్న అననే అన్నారు: "ఒరేయ్, నన్నింక పింగాణీ కప్పులా అద్దాల బీరువాలో పెట్టేస్తారా?"

మంచం మందు కాదు

ఇలా బీరువాలో పెట్టడం ఒకప్పుడు డాక్టర్లూ చేసిన పనే. 1950ల దాకా గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. అలాంటి రోజుల్లో, 1952లో, శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు రోగిని లేపి కుర్చీలో కూర్చోబెడితే మంచిదని రాశారు. కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పటికి పెద్ద సాహసం!

1955 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. ఆయన్ని చూసిన పాల్ డడ్లీ వైట్ గుండెకి నడక, పని మంచివని గట్టిగా నమ్మిన డాక్టర్. మరుసటి ఏడాది నవంబర్లో ఐసెన్‌హోవర్ మళ్లీ పోటీ చేసి గెలిచారు.

మంచం ఎంత పని చేస్తుందో చెప్పే ప్రయోగం ఒకటుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన 20 ఏళ్ల కుర్రాళ్లని మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. వాళ్ల ఒంటి సత్తువ బాగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. 30 ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

అలాగని డిశ్చార్జ్ అయిన మర్నాడే పరుగెత్తమని కాదు. గుండె కండరంలో దెబ్బతిన్న భాగం గట్టిపడి మచ్చలా మారడానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. నాన్నకి డాక్టర్ చెప్పిన లెక్క ఇదీ: మొదటి వారం ఇంటి ముందే ఐదేసి నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఆరో వారానికి అరగంట. నడుస్తూ మామూలుగా మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే స్పీడు తగ్గించాలి. బియ్యం బస్తా మాత్రం తను చెప్పేదాకా ముట్టుకోవద్దన్నారు. ఇది మా నాన్న గుండెకి వేసిన లెక్క. మీ ఇంట్లోవాళ్లది వేరుగా ఉండొచ్చు, కాబట్టి డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి.

వాచ్‌లో 54

అక్క కొనిచ్చిన స్మార్ట్‌వాచ్ ఒకరోజు గుండె వేగం 54 అని చూపించింది. నాన్న మొహం పాలిపోయింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే కళ్లు తిరుగుతున్నాయా, ఆయాసముందా అని అడిగారు. ఏమీ లేవని చెప్పాం. "అయితే అది మెటోప్రొలాల్ చేసే పనేనండీ. గుండెకి శ్రమ తగ్గించడానికే ఆ టాబ్లెట్ ఇచ్చాం" అన్నారు.

ఇలాంటివి ముందే తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. ఈ రకం మందులతో కొందరికి నీరసంగా ఉంటుంది. టికాగ్రెలార్ వేసుకునేవాళ్లలో కొందరికి ఊపిరి సరిగా అందనట్టు అనిపిస్తుంది. ఏదైనా డాక్టర్‌కి చెప్పాలి, అంతేగానీ సొంతంగా ఆపకూడదు. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు మామూలుగా ఏడాది పాటు వాడమంటారు. మధ్యలో మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. పన్ను పీకించుకోవాలన్నా సరే, ముందు గుండె డాక్టర్‌ని అడగాల్సిందే.

రెండు ప్రశ్నలు

నాన్న పేపర్ చదవడం మానేశారు. టీవీలో క్రికెట్ పెట్టినా గోడ వైపే చూసేవారు. మన ఇళ్లల్లో దీనికి "నీరసం", "చిరాకు", "వయసైపోయింది" లాంటి పేర్లు చాలా ఉన్నాయి. అసలు పేరు డిప్రెషన్ కావచ్చు. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు దీని బారిన పడతారు. పడితే మందులు మానేస్తారు, నడక మానేస్తారు, కోలుకోవడం వెనకపడుతుంది. అందుకే గుండె రోగుల్ని దీని గురించి కూడా అడగాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే డాక్టర్లకి చెప్పింది.

మొదలుపెట్టడానికి రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఇంకేం లేదన్నట్టు అనిపించిందా? చాలా రోజులు అలాగే ఉందంటే అది డాక్టర్‌తో చెప్పాల్సిన విషయం. నాన్నని కౌన్సెలర్ దగ్గరికి పంపారు. "నాకేమన్నా పిచ్చా?" అన్నారు గానీ వెళ్లారు.

ఇంకో చిన్న మాట. చెకప్‌కి వెళ్లినప్పుడు ఓ ఐదు నిమిషాలు మీరు బయటికి వచ్చేయండి. పిల్లల ముందు అడగలేని ప్రశ్నలు అమ్మానాన్నలకి ఉంటాయి. భార్యాభర్తల జీవితం మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చన్నది వాటిలో ఒకటి. రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే మామూలుగా ఇబ్బంది ఉండదంటారు. ఆ జవాబు వాళ్లిద్దరూ డాక్టర్ నోటి నుంచే వినాలి, మన నుంచి కాదు.

మాకు చెప్పని మాట

ఐదో వారంలో పార్కులో నడుస్తుంటే ఇంకో పెద్దాయన కలిశారు. ఆయనకి రెండు స్టెంట్లు. రెండడుగులు వెనక నడుస్తున్నా కాబట్టి నాకు వినపడింది. నాన్న ఆయనతో అంటున్నారు: "పడుకుంటే మళ్లీ లేవనేమోనని భయమండీ." మాలో ఎవ్వరికీ చెప్పని మాట అది. ఆ పెద్దాయన నడక ఆపలేదు. "నాకూ ఆర్నెల్లు అంతేనండీ. లైటు వేసుకుని పడుకునేవాణ్ని" అన్నారు. అంతే, తర్వాత మామిడికాయల రేట్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ రాత్రి నాన్న మంచం మీద పడుకున్నారు. లైటు వేసుకునే.

తనలాంటి వాళ్ల పక్కన నడవడంలో ఉన్న ధైర్యం మనం ఇవ్వలేం. గుండెపోటు తర్వాత యోగాతో కోలుకోవడంపై మన దేశంలో 24 ఆస్పత్రుల్లో సుమారు నాలుగు వేల మందితో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. మళ్లీ గుండెపోటు రావడం, చనిపోవడం లాంటివి తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకి ముందు చేసుకునే పనుల్లోకి ఎక్కువగా తిరిగొచ్చారు. నా దృష్టిలో అది చిన్న ఫలితం కాదు.

ఎందుకంటే ఆరో వారంలో డాక్టర్ సరేనన్నాక నాన్న కొట్టుకెళ్లారు. గంటసేపే, గల్లాపెట్టె దగ్గర మాత్రమే. బస్తాల పని కుర్రాడిది. ఎవరో మినపగుళ్లు కేజీ ఎంతని అడిగితే కుర్రాడు తడుముకుంటున్నాడు. నాన్న తలెత్తకుండానే రేటు చెప్పి, "రెండు కేజీలు తీసుకోండి, పది తగ్గిస్తా" అన్నారు. నెలన్నర తర్వాత ఆ గొంతులో బేరం వినపడింది. స్కాన్ రిపోర్ట్ చూసినప్పుడు కూడా నాకంత ఊరట కలగలేదు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ ఛాతీలో చురుక్కుమంటే నాన్న కాసేపు మాట్లాడరు. కానీ ఇప్పుడు ఆ భయానికి ఒక ప్లాన్ ఉంది. నొప్పి వస్తే పని ఆపి కూర్చోవాలి. డాక్టర్ ఇచ్చిన టాబ్లెట్ నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అయ్యుంటుందిలే అని ఆగకూడదు. ఈ మూడూ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గల్లాపెట్టె మూత లోపల అంటించారు. మాకు చెప్పకుండా, ఆయనే.

ఊళ్లో ఇలాంటి నాన్నో అమ్మో ఉన్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు "టాబ్లెట్లు వేసుకున్నావా?" అని ఎలాగూ అడుగుతారు. దాంతో పాటు ఇంకో రెండు అడగండి: "ఇవాళ ఎంతదూరం నడిచావు? రాత్రి నిద్ర పట్టిందా?" రెండోదానికి జవాబు రావడానికి కాస్త టైమ్ పడుతుంది. అప్పటిదాకా ఫోన్ పెట్టేయకండి.